తమ్ముడి చెయ్యి, ఎలుక మీసం, మీ చదువు

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్నాను. కాన్పు సమయంలో మా తమ్ముడి భుజం దగ్గర నరాలు దెబ్బతిని, కుడిచేతికి స్పర్శ, బలం తగ్గాయి. పసితనంలో నరం దెబ్బతింటే మెదడు అల్లికే మారుతుందని విన్నాను. దీనిపై పరిశోధన చేయాలంటే ఎంబీబీఎస్ తప్పనిసరా?

జవాబు: అవసరం లేదు. నీట్ కోసం లాంగ్‌టర్మ్‌లో చేరే ముందు, మీ ప్రశ్నకు మొదట సమాధానం ఎక్కడ దొరికిందో చూడండి.

చుంచెలుక మూతి మీద పెద్ద మీసాలు అయిదు వరుసల్లో ఉంటాయి. మెదడు పైపొరలోనూ ఒక్కో మీసానికి ఒక్కో కణాల గుత్తి, అదే వరుసక్రమంలో ఉంటుంది. ఆ పొరను చదునుగా కోసి రంగు వేస్తే, సూక్ష్మదర్శిని కింద మూతి పటం ముదురు మచ్చలుగా కనిపిస్తుంది. ఉల్సీ, వాన్ డెర్ లూస్ అనే శాస్త్రవేత్తలు 1970లో వీటిని వర్ణించి, పీపాల్లా ఉన్నాయని ‘బ్యారెల్స్’ అన్నారు. 1973లో వాళ్లే, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో మీసాల కుదుళ్లను దెబ్బతీస్తే మెదడులో వాటి గుత్తులు సరిగా ఏర్పడవని చూపారు. ఒక వరుస పోతే దాని చోటు కుంచించుకుపోతుంది, పక్క వరుసలు విస్తరిస్తాయి. మొదటి వారం దాటాక అదే గాయం చేస్తే పటం చెదరదు. గాయమంతా మూతి మీదే, మెదడును ఎవరూ తాకలేదు!

ఈ ‘మొదటి వారం’ లెక్కను తమ్ముడికి మాత్రం అంటగట్టకండి. మనిషి బిడ్డ మెదడు ఏళ్ల తరబడి రూపుదిద్దుకుంటుంది. డాక్టరు చెప్పిన వ్యాయామాలు ఆపవద్దు.

ఇలాంటి పరిశోధనకు సూటి దారి, సైన్స్ చదువు, పరిశోధనల కోసం కేంద్రం నడిపే ఐసర్‌లలోని అయిదేళ్ల బీఎస్-ఎంఎస్. తిరుపతిలోనూ ఒకటి ఉంది. ప్రవేశ పరీక్ష ఐఏటీలోని 60 ప్రశ్నల్లో 15 గణితం. బైపీసీ వాళ్లు తడబడేది అక్కడే, కాబట్టి ఎంపీసీ మొదటి సంవత్సరం పుస్తకం ఈ వారమే తెరవండి. తర్వాత పీహెచ్‌డీకి బెంగళూరు ఐఐఎస్‌సీ, మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ ఉన్నాయి. అది మరో అయిదారేళ్ల పని. జంతువులపై ప్రయోగాలు చేయాల్సి రావచ్చు. అందుకు మనసు ఒప్పుకుంటుందో లేదో ఇప్పుడే ఆలోచించుకోండి.

పరిశోధన కన్నా పిల్లల చేతులతోనే పనిచేయాలనిపిస్తే ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా తర్ఫీదు ఇచ్చే చికిత్స) డిగ్రీ ఉంది. దాన్ని రెండో రకం చదువుగా చూడకండి. ఈసారి తమ్ముడిని థెరపీకి తీసుకెళ్లినప్పుడు గంటసేపూ పక్కనే కూర్చోండి. ఆ వేళ్లను మీరే కదిలించాలనిపించిందా, అవి ఎందుకు కదలడం లేదో తేల్చాలనిపించిందా? ఆ జవాబుతో నాకు మళ్లీ రాయండి.