మా ఆయన చూపించే వీధికుక్క

(పశువుల డాక్టరు జవాబులు. రాసేది: విశాఖపట్నం చుట్టుపక్కల మండలాల్లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైన పశువైద్యుడు)

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఎంవీపీ కాలనీ. నేను ఒక ప్రైవేటు బడిలో టీచర్ని. మావారికి గాజువాక దగ్గర ఉద్యోగం. ఇద్దరు పిల్లలు, మా అత్తగారు కూడా మాతోనే ఉంటారు. కొన్నాళ్ళుగా రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తోంది, ఇక నిద్ర పట్టదు. ఇంటి లోను వాయిదా, పెద్దవాడి ఇంటర్ ఫీజు, అత్తగారి బీపీ మాత్రలు ఎన్ని రోజులకు మిగిలాయన్నది, అన్నీ ఆ టైముకే గుర్తొస్తాయి. మావారితో అంటే బాల్కనీలోకి తీసుకెళ్ళి కింద పడుకున్న వీధికుక్కని చూపిస్తారు. "దానికి ఇల్లు లేదు, జీతం లేదు. రెండు బిస్కెట్లు తిని ఎంత హాయిగా ఉందో చూడు. నీకు అన్నీ ఉండి టెన్షన్" అంటారు. ఆయన చెప్పేది నిజమేనా? జంతువుల్ని చూసి తృప్తి నేర్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు ఆ కుక్క సంగతి తేల్చేద్దాం. మీవారు దాన్ని చూపించేది బహుశా సాయంత్రం, అది బిస్కెట్లు తిన్నాక. ఈసారి రెండింటికి మెలకువ వచ్చినప్పుడు మీరొక్కరే బాల్కనీలోకి వెళ్ళి చూడండి. అదీ మేలుకునే ఉంటుంది. పక్క వీధి కుక్కలు హద్దు దాటి వస్తాయేమోనని చెవులు రిక్కించి, చిన్న చప్పుడైతే లేచి మొరుగుతూ ఉంటుంది. దాని చెవుల్లో గోమార్లు ఉంటాయి. ఒంటి మీద గజ్జి ఉందో లేదో దగ్గరికి వెళ్తే గానీ తెలియదు. మూడో అంతస్తు నుంచి చూస్తే ఏ జీవమైనా హాయిగానే కనిపిస్తుంది.

జంతువులు పక్కవాటితో పోల్చుకోవు, అందుకే వాటికి అసూయ లేదు అని కూడా మనవాళ్ళు అంటూ ఉంటారు. అదీ పూర్తిగా నిజం కాదు. సారా బ్రోస్నన్, ఫ్రాన్స్ డి వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2003లో కాపుచిన్ కోతుల మీద చేసిన పరిశోధనను ప్రచురించారు. కోతి ఒక చిన్న రాయిలాంటిది తిరిగి చేతికిస్తే దోసకాయ ముక్క పెట్టేవారు. బుద్ధిగా తినేది. పక్క కోతికి అదే పనికి ద్రాక్షపండు ఇవ్వడం దాని కళ్ళబడిందా, ఇక దోసకాయ పుచ్చుకోవడమే మానేసేది. కొన్నయితే విసిరికొట్టేవి కూడా. అప్పటిదాకా ఇష్టంగా తిన్న దోసకాయే అది! మన ఆఫీసుల్లో ఇంక్రిమెంట్ల రోజు గుర్తొస్తే నన్ను తప్పు పట్టకండి.

పైకి హుషారుగా కనిపించే జంతువు తృప్తిగా ఉందనుకోవడం ఇంకో పొరపాటు. నా చిన్నప్పుడు మా ఊరికి సర్కస్ వచ్చింది. డేరా వెనక కట్టేసిన ఏనుగు గంటల తరబడి తల అటూ ఇటూ ఊపుతుంటే, బ్యాండు పాటకి డాన్సు చేస్తోందని చప్పట్లు కొట్టాం. అది గొలుసు వేసి కట్టేసినందువల్ల వచ్చిన రోగమని పశువైద్య కాలేజీలో చేరాక గానీ నాకు తెలియలేదు. ఆ రోజు కొట్టిన చప్పట్లు ఇప్పటికీ గుర్తొస్తుంటాయి.

మరి తృప్తిగా ఉన్న జంతువు ఎలా ఉంటుందంటారా? నేను చూసినంతలో ఆవుని చూడాలి. పశువుకి ఒంట్లో బాలేదని రైతు వస్తే మేము మొదట అడిగేది "మేత తింటోందా? నెమరు వేస్తోందా?" అనే. ఆరోగ్యంగా ఉన్న ఆవు రోజుకి ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది. మింగిన మేత ముద్దగా మళ్ళీ నోట్లోకి వస్తుంది. దాన్ని నలభై, యాభై సార్లు నమిలి మింగుతుంది. ఒక్క క్షణం ఆగుతుంది, గొంతులో చిన్న అల లాగా కదులుతుంది, తర్వాతి ముద్ద వస్తుంది. డ్యూటీలో అలసిపోయి ఏ పశువుల శాల గట్టు మీదో కూర్చుని నేను ఆ అల కోసం చూస్తూ ఉండిపోయిన రోజులున్నాయి.

ఇందులో మీకు పనికొచ్చేది ఒకటుంది. భయపడ్డా, నొప్పి ఉన్నా, ఎండదెబ్బ తగిలినా, దూడ కనబడకపోయినా ఆవు నెమరు ఆపేస్తుంది. అంతా సవ్యంగా ఉంటేనే నెమరు. మనది తలకిందులు. అంతా సవ్యంగా ఉన్నప్పుడు ఏదీ నెమరు వేయం. మనసు చెడినప్పుడే, అదీ రాత్రి రెండింటికి, పాత ముద్దల్ని పైకి తెచ్చి నములుతాం. పైగా మింగం.

కోళ్ళ దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. మా పెరట్లో నాలుగు నాటుకోళ్ళున్నాయి. పైన గద్ద నీడ కదిలితే పుంజు ఒక రకంగా అరుస్తుంది, నేల మీద పిల్లి వస్తే ఇంకో రకంగా. గద్ద కూత వినగానే పెట్టలన్నీ కరివేపాకు చెట్టు కింద నక్కుతాయి. ఆ క్షణంలో వాటి గుండె దడ, ఒంట్లో పొంగే అడ్రినలిన్, మనకి బ్యాంకు నుంచి ఫోన్ వచ్చినప్పుడు పొంగేదీ ఒకటే సరుకు. అయితే గద్ద వెళ్ళిపోయాక కాసేపటికి అవి మళ్ళీ పెంటకుప్ప గీరుకుంటూ ఉంటాయి. మనకి గద్ద పోయినా దాని నీడని రాత్రి మంచం మీదకి తెచ్చుకునే తెలివి ఉంది. ఆ తలపుతోనే ఒళ్ళు మళ్ళీ అదే మందు ఊరిస్తుంది. అలా అని దాన్ని తీసిపారేయకండి. వచ్చే నెల వాయిదా ఈ నెలలోనే గుర్తొచ్చేది ఆ తెలివి వల్లనే.

ఇక్కడే మీవారితో నాకు పేచీ.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద విరుచుకుపడిన రోజు మీకూ గుర్తుండే ఉంటుంది. తర్వాత మూడో రోజున నేను ఆనందపురం వైపు పల్లెలు తిరుగుతున్నాను. దారి పొడవునా చెట్లు పడిపోయి ఉన్నాయి, కరెంటు లేదు. ఒక ఇంటి దగ్గర పశువుల పాక రేకులన్నీ ఎగిరిపోయాయి. ఆవు మాత్రం విరిగిపడిన పనస కొమ్మ ఆకులు తిని, కూర్చుని, శుభ్రంగా నెమరు వేస్తోంది. దాని పక్కన రైతు తల పట్టుకుని కూర్చున్నాడు. నేను ఊరడిద్దామని, అచ్చం మీవారిలాగే, "దాన్ని చూడవయ్యా, ఎంత నిబ్బరంగా ఉందో" అన్నాను. ఆయన తలెత్తి చూశాడు. "దానికేటి బాబూ, రేపు మేత ఎక్కడ తేవాలో ఎతుక్కోవలసింది నాను గదా!"

అప్పటికి పాతికేళ్ళ సర్వీసు నాది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ ఆవు నిబ్బరానికి సగం కారణం ఆవు స్వభావమైతే, మిగతా సగం ఆ మనిషి పడుతున్న బెంగ. మేత వేళకి వస్తుంది, కుడితి వేళకి వస్తుంది, ఈగలు ముసిరితే పొగ వేస్తారు. అలవాటైన ఆ ధీమాతోనే పెంపుడు పశువు కూర్చుని నెమరు వేస్తుంది. మేత వేళ తప్పించండి, ఒక్కరోజులో దాని అరుపులు నాలుగిళ్ళకి వినబడతాయి.

అంచేత అమ్మా, మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు కుక్క కంటే మీవారే ఎక్కువ కనబడ్డారు. లోను వాయిదా తేదీ ఎవరు గుర్తుపెట్టుకుంటున్నారు? మాత్రలు ఎన్ని మిగిలాయో ఎవరు లెక్కపెడుతున్నారు? ఆయన నిజంగానే తృప్తి గల మనిషి అయ్యుండవచ్చు, కాదనను. కానీ ఆ ఇంట్లో వేళకి మేత పడుతోంది, వేస్తున్నది మీరు. అందుకని మీరు తృప్తి నేర్చుకునే లోపు ఆయనకి కొంచెం బెంగ నేర్పండి. అత్తగారి మాత్రలు, మందుల షాపు, బీపీ చూపించే తేదీ, ఈ మూడూ ఒక నెల పాటు పూర్తిగా ఆయనకి అప్పజెప్పేయండి. గుర్తు చేయొద్దు. (ఇది కష్టం. మా ఇంట్లో మా ఆవిడ నాకు కరెంటు బిల్లు అప్పజెప్పినప్పుడు రెండు నెలలు ఫైన్ కట్టాం.) మాత్రలు మాత్రం ఒక వారానివి విడిగా దాచి ఉంచండి, పెద్దావిడ మీద ప్రయోగం వద్దు.

ఒక్క మాట. నేను పశువుల డాక్టర్ని. నిద్ర లేకపోవడం మూడు నాలుగు వారాలు దాటితే మనుషుల డాక్టరుకి చూపించుకోండి. థైరాయిడ్ లాంటివి కూడా ఇలా నిద్ర చెడగొడతాయి.

ప్రశ్న: భాగవతం పదకొండో స్కంధంలో అవధూత యదు మహారాజుకి తన 24 మంది గురువుల గురించి చెబుతాడు. అందులో కొండచిలువ, తేనెటీగ, పావురం వంటి జంతువులు చాలా ఉన్నాయి. పశువైద్యులుగా మీరు ఎవరిని గురువుగా ఒప్పుకుంటారు?
– ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, భీమిలి

జవాబు: మాస్టారూ, పరీక్ష పెట్టారు. కొండచిలువను నేను ఒప్పుకోలేను. దొరికింది తిని, దొరకనప్పుడు కదలకుండా పడి ఉంటుందని అవధూత మెచ్చుకున్నాడు. కానీ అది చల్లని నెత్తురు జీవి, ఒంటిని వెచ్చగా ఉంచుకునే ఖర్చు లేదు. కనక నెలల తరబడి తిండి లేకుండా ఉండగలదు. బర్మా కొండచిలువ ఒక పెద్ద జంతువుని మింగిందంటే రెండు మూడు రోజుల్లో దాని గుండె సైతం దాదాపు 40 శాతం పెరుగుతుంది, అరిగాక మళ్ళీ తగ్గుతుంది. మనలాంటి వెచ్చని నెత్తురు వాళ్ళకి ఆ ఉద్యోగం కుదరదు. తేనెటీగ కూడబెట్టి పోగొట్టుకుంటుందన్న నింద కూడా నాకు నచ్చదు. పూలు లేని రోజుల్లో తేనెపట్టు బతకాలి కదా.

కురర పక్షిని (గద్దలాంటి వేటపక్షి) మాత్రం ఒప్పుకుంటాను. నోట మాంసం పట్టుకున్నంతసేపూ మిగతా పక్షులు తరుముతాయి, వదిలేయగానే దాని జోలికి ఎవరూ రారు. ఇది నేను మన ఫిషింగ్ హార్బర్‌లో కళ్ళారా చూశాను. పొద్దున్నే బోట్లు వచ్చే వేళ, ఒక గద్ద చేపని తన్నుకుపోయింది. దాని వెనక రెండు గద్దలు, అరడజను కాకులు. మంచు గోదాముల మీదుగా రెండు చుట్లు తిరిగాక చేప జారి నీళ్ళలో పడింది. గుంపంతా నీళ్ళ మీదకి వాలింది. మన గద్ద ఒక బోటు తెరచాప కొయ్య మీద వాలి రెక్కలు సర్దుకుంటూ కూర్చుంది.

అవధూత ఆ ఘట్టం చూసి అక్కడినుంచి వెళ్ళిపోయి ఉంటాడు. నేను టీ తాగుతూ ఇంకో పది నిమిషాలు ఉన్నాను. అది మళ్ళీ దిగి ఇంకో చేప పట్టుకుపోయింది.

ప్రశ్న: మా పిల్లి రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు. కానీ ఒళ్ళో పెట్టుకుంటే గుర్రు గుర్రుమంటూ సంతోషంగానే ఉంటోంది. ఉపవాసం అనుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: అనుకోకూడదు. పిల్లి సంతోషంగా ఉన్నప్పుడే కాదు, నొప్పితో ఉన్నప్పుడు, ఈనేటప్పుడు కూడా గుర్రుమంటుంది. రెండు మూడు రోజులు తినకపోతే పిల్లుల కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదకి వస్తుంది, బొద్దుగా ఉన్నవాటికి మరీను. ఇలాంటి ఉత్తరాలకి పత్రిక అచ్చయ్యేదాకా ఆగలేం కనక అందిన రోజే ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాను. చిగుళ్ళు వాచి చీము పట్టాయట. వారం మందులతో తగ్గిందని నిన్న కబురు చేశారు. ఇప్పుడు ఒళ్ళో కూర్చోవడం మానేసి, కవళ్ళ చేపలు తెచ్చే ఆవిడ గొంతు వినబడితే చాలు గుమ్మం దగ్గర అరిచి గోల చేస్తోందట.