ఓడిపోతున్న ఫుట్‌బాల్ జట్టుకు తర్వాతి కోచ్ ఎవరో ముందే ఎలా ఊహించవచ్చు?

పెద్ద పేర్లు చూడకండి, ఖజానా చూడండి. 2025లో మన భారత జట్టు సంగతే తీసుకోండి. జూన్‌లో హాంకాంగ్ చేతిలో 0-1తో ఓడాక, జులై మొదట్లో కోచ్ మనోలో మార్క్వెజ్ తప్పుకున్నాడు. ఆయన హయాంలో జట్టు ఎనిమిది మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటే, అదీ మాల్దీవుల మీద.

ఆ పదవికి దరఖాస్తులు 170 దాకా వచ్చాయి. చివరికి మిగిలింది ముగ్గురు: విదేశీయులు స్టీఫెన్ కాన్‌స్టంటైన్, స్టెఫాన్ టార్కోవిచ్, మనవాడు ఖాలిద్ జమీల్. ఇక్కడే లెక్క తేలిపోతుంది. మార్క్వెజ్‌కు ముందు కోచ్‌గా ఉన్న విదేశీయుడు స్టిమాచ్‌ను గడువు ముగియకముందే తీసేసి, పరిహారం చెల్లించాల్సి వచ్చిన భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ మళ్లీ ఖరీదైన విదేశీయుణ్ణి తెస్తుందా? పైగా అక్టోబర్‌లో సింగపూర్‌తో ఆసియా కప్ క్వాలిఫయర్లు. కొత్తవాడు ఆటగాళ్లను తెలుసుకునేసరికే అవి అయిపోతాయి. జమీల్‌కు ఆ బెడద లేదు. అప్పటికి జంషెడ్‌పూర్ క్లబ్ కోచ్‌గా దేశపు అగ్ర లీగ్ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఆటగాళ్లందరినీ ఎరుగును, 2017లో చిన్న క్లబ్ ఐజ్వాల్‌ను జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్‌లో విజేతగా నిలిపాడు. ఆగస్టు 1న ఆయన పేరే ప్రకటించారు.

క్లబ్‌లకైతే ఇంకొకటి చూడాలి: కావాల్సిన కోచ్ కాంట్రాక్టులో విడుదల మొత్తం (గడువుకు ముందే ఆయన్ను వదలడానికి పాత క్లబ్‌కు కట్టాల్సిన సొమ్ము) ఎంత, నోటీసు ఎన్నాళ్లు. 2024లో కోచ్ అమోరిమ్ కోసం ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్, ఆయన పనిచేస్తున్న పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్‌కు దాదాపు 1.1 కోట్ల యూరోలు కట్టింది. అయినా నవంబర్ దాకా ఆగక తప్పలేదు.