టెక్ సందేహాలు: బోర్డు బయటికి కనిపించకపోవడమే మంచిదైంది

ప్రశ్న: మాది ఆరుగురు పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సు. ఏ ఆర్డరు డిజైనులో ఉంది, ఏది ప్రూఫులో ఉంది, ఏది డెలివరీకి సిద్ధం అన్నది చూసుకోవడానికి పైథాన్‌లో వెబ్ యాప్‌లు రాసే ఫ్లాస్క్, ఒకే ఫైలులో ఇమిడే డేటాబేస్ ఎస్‌క్యూలైట్‌లతో నేనే ఒక టాస్క్ బోర్డు తయారు చేశాను. ఇంట్లో పాత విండోస్ ల్యాప్‌టాప్‌లో నడుస్తోంది. ప్రెస్సు నుంచి మాత్రం తెరుచుకోవడం లేదు. బయటి నుంచి వచ్చే అభ్యర్థనలు ల్యాప్‌టాప్‌కు చేరేలా రూటరులో 5000 పోర్టు ఫార్వర్డ్ చేశాను. తప్పు తెలియాలని డీబగ్ మోడ్ కూడా ఆన్‌లోనే ఉంచాను. ఏం చేయాలి? రోజూ డేటాబేస్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నాను, సరిపోతుందా?

జవాబు: తెరుచుకోకపోవడం మీ అదృష్టం. పోర్టు తెరిచినా పనిచేయడం లేదని నాకు తరచూ ఉత్తరాలు వస్తాయి. అసలు తెరవవచ్చా అని అడిగినవారు మాత్రం లేరు.

కారణం చిన్నదే కావచ్చు. రూటరు పేజీలో వాన్ చిరునామా, అంటే ఇంటర్నెట్ వైపు మీ రూటరుకున్న ఐపీ చిరునామా, చూడండి. అది 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెలతో మొదలైతే, మీ ఇంటర్నెట్ సంస్థ ఒకే పబ్లిక్ చిరునామాను ఎందరో చందాదారులకు పంచుతోందన్నమాట. మీరు తీసింది మీ గది తలుపు. వీధి గేటు తాళం వాళ్ల దగ్గరుంది. స్టాటిక్ ఐపీ (మీకే కేటాయించే, మారని పబ్లిక్ చిరునామా) కొనుక్కోమని ఎవరైనా సలహా ఇస్తారు. కొనకండి.

ఎందుకంటే ఆ డీబగ్ మోడ్. యాప్‌లో ఎక్కడైనా తప్పు దొర్లితే వచ్చే పేజీలోనే పైథాన్ కన్సోల్, అంటే ఆదేశాలు టైపు చేసే చోటు, ఉంటుంది. అక్కడ టైపు చేసిన ఆదేశం మీ ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. పోయేది బోర్డు మీది కార్డులు మాత్రమే కాదు, ఖాతాదారుల ఫైళ్లు, బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డులు కూడా. పిన్ అడుగుతుంది కదా అంటారేమో. ఆ పిన్ను యూజర్ పేరు, ఫైలు ఉన్న చోటు, కంప్యూటర్ గుర్తింపు సంఖ్య వంటివాటి నుంచి లెక్కకట్టేదే. ఫైళ్లు చదవనిచ్చే ఇంకో లోపం యాప్‌లో ఉంటే, బయటివాడూ అదే లెక్క కట్టగలడు.

మా చిన్న ప్రెస్సు బోర్డును ఎవరు వెతుక్కుంటూ వస్తారు అనుకోవద్దు. మిమ్మల్ని ప్రత్యేకంగా వెతకనక్కర్లేదు. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు విడుదల చేసిన జెడ్‌మ్యాప్ అనే స్కానింగ్ ప్రోగ్రామ్, ఒక్క కంప్యూటర్, ఒక గిగాబిట్ లైనుతో ఇంటర్నెట్‌లోని ఐపీవీ4 (పాత తరహా ఐపీ) చిరునామాలన్నిటి దగ్గరా ఒక పోర్టును 45 నిమిషాల లోపే తట్టి చూసింది. ఆ వరుసలో మీ ఇల్లూ ఉంటుంది.

ఇంతకీ బోర్డు వాడేది ప్రెస్సులో అయితే ల్యాప్‌టాప్ ఇంట్లో ఎందుకుంది? తీసుకెళ్లి ప్రెస్సులోనే పెట్టండి. పోర్టు ఫార్వర్డింగ్ తీసేయండి, డీబగ్ ఆపి, పైథాన్ యాప్‌లను నడిపే వెయిట్రెస్ అనే సర్వర్ మీద నడపండి, లాగిన్ పెట్టండి. డిజైను ఫైలు పంపడానికి వచ్చినవాళ్లందరికీ వైఫై పాస్‌వర్డు చెప్పే అలవాటు ప్రెస్సుల్లో ఉంది. వారికి గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా ఇవ్వండి. రాత్రి ఇంటి నుంచి కూడా చూడాలంటే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (రెండు చోట్ల మధ్య రహస్య దారి) నేర్చుకోండి. ఒక ఆదివారం పడుతుంది.

రూటర్ల మీద నా కోపం కూడా చెప్పుకోనివ్వండి. యూపీఎన్‌పీ ఆన్ చేసే అమ్మే రకాలున్నాయి. అది ఉంటే లోపలి కెమెరా అయినా, టీవీ అయినా మిమ్మల్ని అడగకుండా పోర్టు తెరిపించుకోగలదు. మా ఇంట్లో ఆపి పెట్టాను. ఒక అప్‌డేట్ వచ్చి, నిశ్శబ్దంగా మళ్లీ ఆన్ చేసి పోయింది. భద్రత కోసం చేసిన అప్‌డేట్ అట! మీ రూటరులోనూ ఒకసారి చూడండి.

ఇక పెన్‌డ్రైవ్ సంగతి. యాప్ రాస్తుండగా ఫైలును కాపీ చేస్తే సగం పాత, సగం కొత్త సమాచారంతో చెడిపోయిన కాపీ రావచ్చు. ఎస్‌క్యూలైట్‌లోనే బ్యాకప్ ఆదేశం ఉంది, దాన్ని వాడండి. తర్వాత ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి, నిన్న సాయంత్రం రాసుకున్న పెళ్లి కార్డుల ఆర్డరు కనిపిస్తోందో లేదో చూడండి.