ఇనుముకూ పేటెంటా?

ప్రశ్న: రామగుండం ఎరువుల కర్మాగారం లాంటి చోట అమ్మోనియా తయారీకి ఉత్ప్రేరకం ఇనుమే కదా! దానిమీద ఇంకా పేటెంట్లేమిటి?
– ఎమ్మెస్సీ విద్యార్థి, హన్మకొండ

జవాబు: ఒట్టి ఇనుము కాదు. మాగ్నటైట్ అనే ఇనుప ఆక్సైడ్ ఖనిజాన్ని కరిగించి రెండు మూడు శాతం అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్), ఒక శాతం లోపు పొటాషియం ఆక్సైడ్, కొంచెం సున్నం కలుపుతారు. అల్యూమినా లేకుంటే 400–500 డిగ్రీల వేడికి ఇనుప రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోయి, చర్య జరిగే ఉపరితలం తగ్గుతుంది. ఈ కూర్పు జర్మనీ రసాయన కంపెనీ బీఏఎస్‌ఎఫ్‌లో అల్విన్ మిటాష్ బృందానిది. వందేళ్లు దాటింది, ఆ పేటెంటు ఎప్పుడో చెల్లింది. మన దేశంలో పేటెంటు గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లే. ఇప్పుడు హక్కులు తీసుకునేది కొత్త కూర్పు, గుళికల ఆకారం, రియాక్టర్ నిర్మాణం వంటివాటిమీద.

అసలు కష్టం వాడకంలో ఉంది. మాగ్నటైట్‌ను హైడ్రోజన్‌తో ఇనుముగా మార్చేటప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. తొందరపడి వేడి పెంచితే ఆ ఆవిరే ఉత్ప్రేరకాన్ని చెడగొడుతుంది. అందుకే నింపాదిగా, రోజుల తరబడి చేస్తారు. సహజవాయువులో ఉండే గంధకం మరీ మొండిది, ఉత్ప్రేరకానికి పట్టిందంటే వదలదు, దాన్ని పనికిరాకుండా చేస్తుంది. అందుకే ఆ వాయువును ముందే గంధకాన్ని పట్టేసుకునే జింక్ ఆక్సైడ్ గుండా పంపుతారు. ఇక వాడేసిన ఉత్ప్రేరకాన్ని ఉన్నపళంగా గాలిలోకి తీస్తే ఎర్రగా కాలి మండుతుంది; నైట్రోజన్‌లో కొద్దికొద్దిగా గాలి కలిపి, పైపొరను తుప్పు పట్టించాకే బయటికి తీయాలి.