రెండో జేసీబీ కొనాలా, కిరాయికి తేవాలా?

ప్రశ్న: సీసీ రోడ్లు, చెరువు కట్టల పనులు సబ్ కాంట్రాక్టుకు చేస్తుంటాను. వానలకు పని ఎప్పుడు ఆగుతుందో తెలియడం లేదు, బిల్లులూ ఆలస్యమవుతున్నాయి. ఉన్న జేసీబీకి తోడు అప్పు చేసి కొత్తది కొనవచ్చా?
- ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: బ్యాంకు వాయిదా వానకు ఆగదు, బిల్లు కోసం ఎదురుచూడదు. కాబట్టి ముందుగా మీ బండి అవర్ మీటరు చూసి, గత ఏడాది ఏ నెలలో ఎన్ని గంటలు నడిచిందో రాసుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గంటలు సగానికి పడిపోతుంటే, రెండో బండిని పని ఉన్న రోజులకు కిరాయికి తెచ్చుకోవడమే మేలని నా అభిప్రాయం. చల్క (ఎర్ర ఇసుక) నేలలో వాన వెలిసిన ఒకటి రెండు రోజులకే పని సాగుతుంది కానీ, రేగడిలో టిప్పరు టైర్లు ఇరుసుదాకా దిగబడతాయి. అందువల్ల రేగడి పనులను వేసవిలోనే ముగించేలా యంత్రాలను కేటాయించుకోవాలి. మన దగ్గర రెండడుగులు తవ్వగానే బండ తగలడం మామూలే గనుక, బండ పగలగొట్టే బ్రేకరు బిగించిన హిటాచీ (పెద్ద తవ్వకం యంత్రం) కిరాయిని టెండరు ధరలోనే కలుపుకోండి.

కొనక తప్పదనుకుంటే ఒక సంగతి గమనించండి. 2025 జనవరి 1 నుంచి చక్రాల నిర్మాణ యంత్రాలకు ఐదో దశ ఉద్గార (పొగ కాలుష్య) నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఈ ఇంజన్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. టిప్పరు వచ్చేదాకా బండిని ఊరికే ఆన్‌లో ఉంచే మన డ్రైవర్ల అలవాటుకు అది త్వరగా పూడుకుపోతుంది.