పెరట్లో పొగగూడు కట్టుకోవచ్చా? కట్టాను, మొదటిరోజే పేలింది

ప్రశ్న ఇది: “ఇంటి వెనక కొంచెం జాగా ఉంది. కోడి, మటన్, చేపలు పొగబెట్టుకోవడానికి చిన్న ఇటుకల గూడు కట్టుకోవాలని ఉంది. మన ఎండల్లో అయ్యే పనేనా? ఎంతవుతుంది?”

అయ్యే పనే. నాకు 2021లో 14 వేలైంది. అందులో 3 వేలు నా తొందరపాటుకు కట్టిన జరిమానా. ముందు ఆ జరిమానా సంగతి చెప్తాను, కొలతలు తర్వాత. కొలతలు ఏ వీడియోలోనైనా దొరుకుతాయి. నేనూ అక్కడి నుంచే ఎత్తుకొచ్చి దెబ్బతిన్నాను.

మాది నల్గొండ జిల్లా పెద్దవూర వైపు. సాగర్ డ్యామ్ బండి మీద అరగంట, కాలువ నీళ్లు మాత్రం మా చేలకెక్కవు. ఏడు బోర్లు వేస్తే ఐదు ఫెయిలయ్యాయి. అందుకని మా ఇంట్లో నీళ్లకు కరువు గానీ, కేసింగ్ పైపులకు కరువు లేదు. పాత బోరులోంచి లాగిన ఇనప కేసింగ్ ఒకటి కొట్టం వెనక పడి ఉంటే, పొయ్యి నుంచి గూటికి పొగ పోవడానికి అదే వాడాను. మీకూ దొరికితే వాడండి. ఇప్పుడు వేసే ప్లాస్టిక్ కేసింగ్ జోలికి మాత్రం పోకండి, వేడికి కరిగి మాంసానికి విషపు కంపు పడుతుంది.

వీడియోలో ఒక తెల్లాయన 8 అడుగుల పైపు వేశాడు. నేనూ 8 అడుగులే వేశాను. ఆయన చేసేది చల్లపొగ, అంటే మాంసం ఉడకదు, పొగ వాసన మాత్రం పడుతుంది. నాకు కావాల్సింది వేడిపొగ, మాంసం ఆ పొగలోనే ఉడకాలి. ఈ తేడా నాకు అర్థమయ్యేసరికి ఆదివారం వచ్చేసింది, బామ్మర్ది పిల్లాజెల్లాతో హైదరాబాద్ నుంచి దిగాడు.

గూట్లో రెండు నాటుకోళ్లు వేలాడదీశాను. గంట దాటినా లోపల 60 డిగ్రీలు ఎక్కలేదు. భూమిలో పాతిన అంత పొడుగు పైపు వేడినంతా తాగేస్తోంది. ఇలా నులివెచ్చగా గంటల తరబడి ఉంచితే మాంసం ఉడకదు, పాడవుతుంది. నాకు తట్టిన ఉపాయం ఒకటే, మంట పెంచడం. కట్టెలు కుక్కాను. పొయ్యి గుంత అడుగున, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన నాపరాయి పరిచి ఉంది. ఆ రాయి వద్దని మేస్త్రీ ముందే చెప్పాడట. చెప్పాడనే అతని వాదన, నాకైతే గుర్తులేదు.

ఈలోగా పొగ వీధంతా కమ్మింది. ప్రహరీ మీంచి ఒక తల లేచింది, పక్క వీధి మనిషి. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “అన్నా, సీస ఎంత?” అన్నాడు. గుడుంబా బట్టీ పెట్టాననుకున్నాడు. “గిది కోడిరా” అన్నాను. నమ్మలేదు. “తెలిసినోళ్లకే ఇస్తవా, సరే తీ” అని మొహం ముడుచుకుని పోయాడు. ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు.

అతను పోయి పది నిమిషాలు కాలేదు, ఢామ్మంది. దీపావళి బాంబు కాదు, క్వారీలో పెట్టే బ్లాస్టింగు చప్పుడు. నిప్పులు, బూడిద, రాతి చెక్కలు కలిసి గుంతలోంచి లేచాయి. అరచేయంత చెక్క ఒకటి పోయి నల్లా దగ్గర పెట్టిన స్టీలు బిందెకు తగిలింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది, మా ఆవిడ బిందె మార్చనివ్వదు, నేను ఏ కొత్త పని మొదలుపెట్టినా ఆ బిందె తెచ్చి నా ముందు పెడుతుంది. నులక మంచం మీద పడుకున్న నాయిన లేచి కూర్చుని, “ఎవరికీ ఏం గాలే గదా?” అని ఒక్కమాట అడిగి మళ్లీ పడుకున్నాడు. కోళ్లు సగం పచ్చి, సగం బూడిద. బామ్మర్ది ఏమీ అనకుండా కారు తీసుకుని హాలియా పోయి బిర్యానీ పార్సిళ్లు తెచ్చాడు. ఆ రోజు ఏమీ అనలేదు గానీ, అప్పటి నుంచి ప్రతి పండక్కీ అంటున్నాడు.

జరిగింది ఏమిటంటే, నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరల్లో తేమ ఉంటుంది. మంట తగలగానే తేమ ఆవిరై, బయటికి దారిలేక రాయిని చీల్చుకుని వస్తుంది. షాబాద్ బండైనా, తాండూరు బండైనా అంతే. మహబూబ్‌నగర్ వైపు వాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను, మీ ఇళ్ల వెనక మిగిలిన తాండూరు బండలు తప్పకుండా ఉంటాయి, చేతులు ఊరుకోవు. సిమెంటు రేకులూ అలాగే పేలతాయి, కప్పుకు వాడకండి. జింకు పూత రేకు పొయ్యి దగ్గర వద్దు. ఆ పూత కాలిన పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది, ఏ వెల్డింగ్ షాపులో అడిగినా చెప్తారు.

మర్నాడు అమ్మ రంగంలోకి దిగింది. అప్పటిదాకా “ఇంట్ల పొయ్యి లేదా, పెరట్ల గిదేంది” అని సణుగుతున్న మనిషే. ఒకప్పుడు మా వాడలో సగం పొయ్యిలు ఆమె వేసినవే. రెండు గంపలు పుట్టమన్ను తెప్పించింది, అందులో మిర్యాలగూడ మిల్లు నుంచి తెచ్చిన వడ్ల ఊక కలిపి కాళ్లతో తొక్కింది. ముద్ద చేసి నడుమెత్తు నుంచి నేల మీదికి వదిలింది. పగిలింది. “ఇంకా నీళ్లు తాగాలె” అంది. మళ్లీ తొక్కింది, మళ్లీ వదిలింది. ఈసారి రొట్టెలా చప్పబడింది. “ఎక్కువ తాగింది” అని కొంచెం పొడిమన్ను చల్లింది. మూడోసారి ముద్ద పగల్లేదు, చప్పబడలేదు, పడ్డచోట గుండ్రంగా కూర్చుంది. మేస్త్రీ తాపీ పక్కన పెట్టి చూస్తూ నిలబడ్డాడు. పొయ్యి ఇటుకలన్నీ ఆ మట్టితోనే కట్టాం, అడుగున ఇసుక పోసి దాని మీద మామూలు ఎర్ర ఇటుక పరిచాం. పొయ్యిలో సిమెంటు పనికిరాదు, వేడికి పొడిపొడిగా రాలుతుంది. మట్టి పగిలితే మళ్లీ అలుక్కోవడమే.

తొక్కుతూనే అమ్మ అంది, “మేము పొయ్యి పొగ మీదనే తునకలు ఎండబెట్టెటోళ్లం. దానికి గిన్ని పైసలెందుకు?” నిజమే. జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు కందూరు, అంటే మొక్కు విందు, చేసినప్పుడు మాంసం మిగిలితే, ఉప్పు, పసుపు పట్టించి, దారానికి గుచ్చి, పగలు దండెం మీద ఎండకు, రాత్రి పొయ్యి మీది దూలానికి వేలాడగట్టేవాళ్లు. ఆ ఒట్టి తునకలు దోసకాయలో వేసి వండితే వచ్చే వాసన ఈ గూట్లోంచి నాకు ఇప్పటిదాకా రాలేదు. ఇప్పుడు హోటళ్లలో గిన్నెలో నిప్పు పెట్టి నెయ్యి చుక్క వేసి, మూతపెట్టి, ‘స్మోకీ’ అని రెండు వందలు ఎక్కువ గుంజుతున్నారు. దాన్ని పొగ అంటే మా అమ్మ నవ్వుతుంది.

ఇక కొలతలు. గూడు లోపల 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు, 5 అడుగుల ఎత్తు. సగం ఇటుక మందం గోడ చాలు, పొయ్యితో కలిపి 400 ఇటుకలు పడతాయి. పొయ్యి గూటి కంటే కిందికి ఉండాలి, పైపు గూటి వైపు ఎక్కుతూ పోవాలి. పైపు తవ్వి తీసి 3 అడుగులకు కోయించాను, గూడు 100 డిగ్రీలు సునాయాసంగా పట్టింది. పైన నాలుగు అంగుళాల పొగగొట్టం, దానికి తెరిచి మూసే మూత. ఆ మూత పూర్తిగా ఎప్పుడూ మూయకండి, లోపల పొగ నిలబడిపోయి మాంసం చేదెక్కుతుంది. తలుపు పాత ఇంటిది, రంగు వేయనిది. గాలి వాటు చూసుకుని కట్టండి, పక్కింటివాళ్లు బట్టలు ఆరేసే వైపు వద్దు. ఆ గొడవ కూడా అయింది, అది ఇక్కడ రాయను.

అసలు సంగతి కట్టె. సగం రుచి కట్టెదే, కాదు, ముప్పావు వంతు. ఆన్‌లైన్‌లో ఆపిల్ చెక్కలు, హికరీ చెక్కలు అని కిలోల లెక్కన అమ్ముతున్నారు, ఆ రేటుకు ఇక్కడ కిలో మటన్ వస్తుంది. ఎందుకండీ? అమెరికాలో టెక్సాస్ వాళ్లు మెస్కీట్ అని గొప్పగా చెప్పుకునే చెట్టు, మన చెరువు శిఖాల్లో తెగమొలిచిన సర్కారు తుమ్మకు దాయాదే. రెండూ దగ్గరి జాతులే. మనం దాన్ని తిట్టుకుంటూ జేసీబీతో పీకిస్తాం, వాళ్లు సంచుల్లో నింపి అమ్ముతారు. అయితే దాని పొగ ఘాటు, మటన్‌కు బాగుంటుంది, కోడికి ఎక్కువవుతుంది. మామిడి, జామ మంచివి. వేప, కానుగ, నీలగిరి వద్దు, చేదు. గన్నేరు విషం, అగ్గిపుల్లంత ముక్క కూడా పడొద్దు. రంగేసిన చెక్క, ప్లైవుడ్ అసలే వద్దు.

వీటన్నిటికంటే పైది బత్తాయి. నేను నల్గొండవాణ్ని కాబట్టి అంటున్నానని అనుకోండి, అయినా అంటాను. బత్తాయి కట్టె నిదానంగా కాలుతుంది, పొగ పల్చగా వస్తుంది, కోడి తోలుకు తేనె రంగు పడుతుంది. ఈ కట్టె నా దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పకుండా ఉండలేను. మాకు నాలుగెకరాల తోట ఉండేది. 2015, 2016 కరువులో బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండాయి. నాయిన ట్యాంకర్లు కొని చెట్టుకు ఇన్ని బిందెలని లెక్కపెట్టి పోయించాడు. చెట్లు బతికాయి గానీ తేరుకోలేదు, వేరుకుళ్లు పట్టుకుంది. కాసిన కాయకు దళారి ఒక రేటు చెప్పి, లారీకెత్తేటప్పుడు తరుగు పేరుతో ఇంకో రేటు కట్టేవాడు. 2019లో తోట తీసేశాం. ఇటుక బట్టీకి కట్టె తోలుకుపోవడానికి వచ్చినతను టన్నుకు చెప్పిన ధర వింటే, ఆ చెట్లకు పోసిన నీళ్ల డబ్బు కూడా కాదు. నాయిన ఒక ట్రాక్టర్ కట్టె ఆపుకున్నాడు. ఎందుకు నాయినా అంటే, “ఉండనీ బిడ్డా, వంటకన్నా పనికొస్తది” అన్నాడు. రెండేళ్లు అలాగే పడి ఉంది. నిజం చెప్పాలంటే, ఆ కట్టెను ఏదో ఒకటి చేయాలని వెతుకుతుంటేనే నాకు ఈ పొగగూటి వీడియోలు కనిపించాయి.

కట్టె కనీసం ఆరు నెలలు ఎండాలి. పచ్చికట్టె తెల్లగా దట్టంగా పొగ కక్కుతుంది, చూడ్డానికి గొప్పగా ఉంటుంది, తింటే నాలుక మొద్దుబారుతుంది. పొగ లేత నీలంగా, ఉందో లేదో అన్నట్టు ఉన్నప్పుడే కోడి లోపల పెట్టండి.

కోడిని లీటరు నీళ్లకు 60 గ్రాముల ఉప్పు లెక్కన రాత్రంతా ఫ్రిజ్‌లో ఊరబెట్టండి. మా వైపైతే బోరు నీళ్లు వద్దు, కృష్ణా నీళ్లు పట్టుకోండి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది, మరిగించినా పోదు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పటిక, సున్నం పద్ధతికి పేరే నల్గొండ టెక్నిక్, మా జిల్లాకు దక్కిన కీర్తి అది. ఊరిన కోడిని తుడిచి రెండు గంటలు ఫ్రిజ్‌లోనే మూత లేకుండా ఆరనివ్వండి. తోలు వేలికి కొంచెం అంటుకునేటట్టు ఉండాలి, అప్పుడే పొగ పడుతుంది. తడి మీద మసి పడుతుంది. తర్వాత 100, 110 డిగ్రీల మధ్య మూడున్నర, నాలుగు గంటలు. తొడ లావుచోట గుచ్చే థర్మామీటరు 74 డిగ్రీలు చూపించాలి. రంగు చూసి దించకండి, పొగకు పచ్చిమాంసం కూడా ఉడికినట్టే కనిపిస్తుంది. చేపైతే సాగర్ బొచ్చె, పొట్ట ముక్కలు. కొర్రమీను కూరకే ఉంచండి.

మన ఎండల గురించి అడిగారు. వేడిపొగకు ఎండ అడ్డం కాదు, మీకే చెమట. చల్లపొగకు మాత్రం గూడు 30 డిగ్రీల లోపు ఉండాలి. మేలో నల్గొండలో రాత్రి గాలే చాలాసార్లు అంతకంటే వేడిగా ఉంటుంది. నార్వే చేప వీడియోలు చూసి ఇక్కడ చల్లపొగ పెడితే చివరికి ఆసుపత్రిలో తేలతారు. ఇంకోటి, పొగబెట్టాం కదా అని బయట ఉంచకండి, ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులే. ఎక్కువ తినడమూ మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో పొగబెట్టి, ఉప్పు పట్టించి నిలవచేసే మాంసాలను క్యాన్సర్ కారకాల జాబితాలో పెట్టింది. నేను నెలకోసారే వెలిగిస్తాను. నెలకోసారికి ఏం కాదని నా లెక్క, డాక్టరు లెక్క వేరేగా ఉండొచ్చు.

మీది దగ్గరి ఊరైతే ఒకసారి వచ్చి గూడు చూసుకుని కట్టుకోండి. బత్తాయి కట్టె ఇంకా మూడో వంతు ట్రాక్టర్ మిగిలింది, ఒక బస్తా ఇస్తాను. కుప్ప పక్కన మొదలు ముక్క ఒకటి నిలబెట్టి ఉంటుంది, అది మాత్రం అడగకండి. సాయంత్రం నాయిన దాని మీదే కూర్చుంటాడు.