సెల్ఫ్ తిరుగుతోంది, బండి అందుకోవడం లేదు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నీ కారు చచ్చిపోయిందని రాశావు. చావలేదు తల్లీ. తాళం తిప్పితే ఇంజిన్ గిరగిరా తిరుగుతోందని, అందుకోవడం మాత్రం లేదని ఆ కింద నువ్వే రాశావు. అంటే బ్యాటరీ, సెల్ఫ్ మోటారు తమ పని చేస్తున్నాయన్నమాట. ఇంజిన్ తిరగకపోవడం ఒక జబ్బు, తిరిగి కూడా మండకపోవడం ఇంకో జబ్బు. నలుగురు చేరి నీ బండిని తోశారని చదివి నవ్వు వచ్చింది. తోస్తే జరిగేది ఇంజిన్ తిరగడమే కదా! ఆ పని సెల్ఫ్ ఎలాగూ చేస్తూనే ఉంది. పైగా మండని పెట్రోలు పొగగొట్టంలోకి చేరి, అక్కడ పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. ఇకమీదట ఎవరు ముందుకొచ్చినా తోయనివ్వకు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. సెల్ఫ్‌ను ఒక్కసారికి 10 సెకన్లకు మించి కొట్టకు. తర్వాత కనీసం అర నిమిషం ఊరుకో. అది క్షణం సేపు పనిచేయడానికి చేసిన మోటారు, ఆపకుండా తిప్పితే కాలిపోతుంది. అప్పుడు ఒక జబ్బుతో వచ్చిన బండికి రెండు జబ్బులు అంటగట్టినట్టు అవుతుంది.

తిరిగే వేగాన్ని చెవితో పట్టుకో. రోజూ వినే చప్పుడే వినిపిస్తోందా, మూలుగుతూ తిరుగుతోందా? మూలుగుతుంటే మళ్లీ బ్యాటరీనే అనుమానించాలి. నిండుగా ఉన్న బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు సుమారు 9.6 కంటే కిందికి జారితే, మోటారు ఎలాగో తిరిగినా ఇంజిన్ కంప్యూటర్‌కు చాలినంత కరెంటు అందకపోవచ్చు. దానికి పూర్తిగా వ్యతిరేకం ఇంకొకటి ఉంది. ఎప్పుడూ లేనంత తేలికగా, వేగంగా, అడ్డేమీ లేనట్టు బర్రున తిరిగితే, పిస్టన్లూ వాల్వులూ ఒకదానికొకటి వేళ తప్పకుండా కదిలేలా చూసే టైమింగ్ బెల్టు తెగి ఉండవచ్చు. ఆ చప్పుడు వినిపిస్తే ఇక తాళం ముట్టుకోకు. చాలా ఇంజిన్లలో బెల్టు తెగాక తిప్పిన కొద్దీ పిస్టన్లు వాల్వులను గుద్దుకుంటాయి.

నీ బండి చప్పుడు మామూలుగానే ఉందన్నావు కాబట్టి ఆ రెండూ వదిలేద్దాం. మండడానికి ఇంజిన్ అడిగేవి నాలుగే: పెట్రోలు, నిప్పురవ్వ, గాలిని గట్టిగా నొక్కే ఒత్తిడి, ఇవన్నీ వేళకు అందడం. ఒత్తిడి ఒక్క పూటలో పోయేది కాదు, దాన్ని చివరికి పెట్టుకో.

తాళాన్ని సెల్ఫ్ దాకా తిప్పకుండా, మీటర్ దీపాలు వెలిగే చోట ఆపు. పాటలు, ఫ్యాను కట్టేసి వెనక సీటు వైపు చెవి పెట్టు. రెండు మూడు సెకన్లు సన్నగా జుయ్‌మని వినిపించి ఆగిపోవాలి. ట్యాంకులోని పంపు గొట్టాన్ని పెట్రోలుతో నింపే చప్పుడది. కొన్ని బండ్లలో తలుపు తీయగానే వినిపిస్తుంది, కొన్నింట్లో సెల్ఫ్ కొడితేనే పంపు మొదలవుతుంది. అందుకే బండి బాగున్న రోజు నాలుగుసార్లు విని ఆ చప్పుడు గుర్తుపెట్టుకోవాలి. చప్పుడు లేకపోతే పంపు పోయిందని వెంటనే తేల్చేయకు. ముందు ఫ్యూజు చూడు, తర్వాత రిలే, అంటే పంపుకు కరెంటు కలిపే చిన్న స్విచ్చు. ఫ్యూజు పెట్టెలో హారన్ రిలే కూడా సరిగ్గా అదే రకమైతే, దాన్ని తీసి పంపు రిలే స్థానంలో పెట్టి చూడు. ఖర్చు లేని పరీక్ష. ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది: పెట్రోలు ముల్లు అబద్ధం చెబుతోందేమో, ఓ ఐదు లీటర్లు పోసి చూడు. ఇది చూడక పరువు పోగొట్టుకున్న మెకానిక్కులు నాకు తెలుసు. వాళ్లలో నేనూ ఒకణ్ణి.

అదే సమయంలో మీటర్ల మధ్య తాళం బొమ్మ దీపం వైపు ఓ కన్నేయి. అది టపటపా కొట్టుకుంటుంటే బండి నీ తాళాన్ని గుర్తుపట్టలేదని అర్థం. కొన్ని బండ్లు అప్పుడు సెల్ఫ్ కొట్టనిస్తాయి కానీ పెట్రోలు వదలవు. రెండో తాళంతో ప్రయత్నించు.

ఇప్పుడు అసలు సంగతి. చాలా దూరం తిరిగి ఆపి, పావుగంట తర్వాత తీస్తే అందుకోవడం లేదని, గంట ఆగితే ఏమీ జరగనట్టు అందుకుంటోందని నీ ఉత్తరం చివర్లో రాశావు. అది మొదటి వాక్యంగా రాయాల్సిన మాట. వేడికి మొరాయించి చల్లారితే లేచే వస్తువులు బండిలో కొన్నే ఉంటాయి. అందులో నా మొదటి అనుమానం క్రాంక్ సెన్సార్ మీద, రెండోది పంపు మీద. ఇంజిన్ ఏ క్షణాన ఏ కోణంలో ఉందో కంప్యూటర్‌కు చెప్పేది ఈ సెన్సారే. ఆ కబురు అందకపోతే ఎప్పుడు రవ్వ వేయాలో, ఎప్పుడు పెట్రోలు చల్లాలో కంప్యూటర్‌కు తెలియదు. కాబట్టి చాలా బండ్లలో రెండూ ఆపేస్తుంది.

వయసులో ఉన్నప్పుడు ఇలాంటి బండికి నేను నిప్పురవ్వ వేసే ప్లగ్గులు మార్చాను, పంపు కూడా మార్చాను. మర్నాడు అదే బండి మళ్లీ నా ముందుకు వచ్చింది. విసుగెత్తి సీట్లో కూర్చుని సెల్ఫ్ కొడుతూ మీటర్ల వైపు చూశాను. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు సున్నా మీద చచ్చినట్టు పడి ఉంది. ఇంజిన్ తిరుగుతోంది, ముల్లుకు ఆ సంగతే తెలియదు. కిందికి దూరి సెన్సార్ మీద కాసిని చన్నీళ్లు పోసి మళ్లీ కొడితే ఒక్క వేటుకు అందుకుంది. బొటనవేలంత సెన్సార్ కోసం పంపు విప్పిన సిగ్గు ఇప్పటికీ పోలేదు.

కాబట్టి సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆ ముల్లు చూడు. 200 దగ్గర కాస్త లేచి ఆడితే సెన్సార్ బతికే ఉండవచ్చు. కొన్ని బండ్లలో అది బాగున్నా ముల్లు లేవదు. అందుకని బండి కంప్యూటర్ చెప్పేది చదివే స్కానర్ ఉన్నవాళ్లను పిలిచి సెల్ఫ్ కొడుతుండగా ఆర్‌పీఎం అంకె చూపించమను. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్టులో దాన్ని తగిలిస్తారు. అందులో పీ0335 అనే లోపం నంబరు వస్తే అది క్రాంక్ సెన్సార్ దారిని చూపిస్తుంది. దారిని అంటున్నాను, గమనించు. వైరు ఎలుక కొరికినా అదే నంబరు వస్తుంది. సెన్సార్ కొనకముందే వైరు చూడమను.

పంపు మోగి, ముల్లు లేచి, అయినా అందుకోకపోతే పొగగొట్టం దగ్గర వాసన చూడు. పెట్రోలు వాసన ఘాటుగా ఉంటే ప్లగ్గులు తడిసిపోయి ఉంటాయి. యాక్సిలరేటర్‌ను నేలకు తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టు. చాలా బండ్లు అప్పుడు పెట్రోలు ఆపేసి గాలి మాత్రమే లాగి ప్లగ్గులను ఆరబెట్టుకుంటాయి. ప్లగ్గు ఊడదీసి ఇనుముకు ఆనించి రవ్వ చూసే పాత పద్ధతి మాత్రం నువ్వు చేయకు. ప్లగ్గులకు కరెంటు పంపే నేటి కాయిళ్లు వేల వోల్టులు కొడతాయి, పక్కనే పెట్రోలు ఆవిరి ఉంటుంది.

మీ అన్నయ్యది డీజిల్ బండి కదా, వాడికీ ఒక ముక్క చెప్పు. దానికి రవ్వతో పని లేదు. ఫిల్టరు మూసుకుపోవడం, గొట్టంలో గాలి చేరడం ముందు చూసుకోవాలి. ఇంజిన్ దగ్గరి సన్నని గొట్టాల నట్లు మాత్రం ముట్టుకోవద్దను. వాటిలోని ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ఈ పరీక్షలు పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చేయకు. అప్పుడన్నీ బాగానే కనిపిస్తాయి. తిరిగి వచ్చి ఆపి, అది మొరాయించిన ఆ పావుగంటలోనే పంపు మోగిందా, ముల్లు లేచిందా చూసి, అక్కడి నుంచే నాకు ఫోను చేయి.

మీ మామయ్య